రెండింట్లోనూ 24 మెగాపిక్సెళ్లే, మరి ధర అయిదింతలెందుకు?

పోయిన దసరాకు ముందు నర్సంపేట వైపు నుంచి ఒక తండ్రీ కొడుకూ హన్మకొండలోని మా స్టూడియోకు వచ్చారు. కొడుకు డిగ్రీ పూర్తి చేసి పెళ్లి ఫొటోల పని నేర్చుకుంటున్నాడు. సొంత కెమెరా కొనుక్కోవాలి. తండ్రి మిర్చి రైతు. నేను బల్ల మీద రెండు మిర్రర్‌లెస్ కెమెరాలు, అంటే లోపల అద్దం లేని కొత్త రకానివి పెట్టాను. ఒకటి కొత్తగా మొదలుపెట్టేవారి కోసం చేసిన చిన్న బాడీ (లెన్సు కాకుండా మిగిలిన కెమెరాను మేము బాడీ అంటాం), రెండోది వృత్తిలో ఉన్నవారు వాడే పెద్ద బాడీ. ఆయన రెండు పెట్టెల మీది అక్షరాలనూ నిదానంగా చదివి తలెత్తారు.

"బాబూ, దీని మీద 24 మెగాపిక్సెళ్లు అని ఉంది. దాని మీదా అంతే ఉంది. మరి ధర అయిదింతలు ఎందుకు?"

ఇంత సూటిగా నన్ను ఎవరూ అడగలేదు. మా దగ్గరికి వచ్చే పిల్లలు చాలామంది వీడియోలు చూసి మోడళ్ల పేర్లూ అంకెలూ కంఠతా పట్టి వస్తారు. ఏ అంకె ఎక్కడ అక్కరకొస్తుందో మాత్రం వారికి ఎవరూ విప్పి చెప్పరు. అప్పు చేసి కొనే వస్తువు విషయంలో అలా జరగకూడదు. ఆ రోజు వాళ్లిద్దరికీ చెప్పిన మాటలనే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 24 సంగతి చూద్దాం. కెనాన్ 2023లో తెచ్చిన ఆర్50 కొత్తవారి కెమెరా, దాని సెన్సర్, అంటే వెలుగును బొమ్మగా మార్చే పలక, 24.2 మెగాపిక్సెళ్లు. అదే కంపెనీ 2024లో ప్రకటించిన ఆర్1 వాళ్ల కెమెరాలన్నింటికీ పెద్దది, దానిదీ 24.2 మెగాపిక్సెళ్లే. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. ఈ రెండింట్లో ఒక్కో ఫొటో అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. మన దగ్గర పెళ్లి ఆల్బమ్ ఎక్కువగా 12 బై 36 అంగుళాలది వేయిస్తారు. అందులో సగం పేజీ నిండా ఒకే ఫొటో వేసినా 12 బై 18 అంగుళాలు. లెక్క కడితే అంగుళానికి 333 చుక్కలు వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కు 300 ఉంటే కన్ను ఇంకేమీ అడగదు. కాబట్టి మెగాపిక్సెళ్లు ఎంత పెద్ద ప్రింటు వేయవచ్చో చెబుతాయి తప్ప, కెమెరా ఎంత మంచిదో చెప్పవు.

వెలుతురు బాగున్నచోట ఫొటోలో తేడా వెతికినా దొరకదు. 1213 నాటి రామప్ప గుడి దగ్గర పొద్దున ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, ఎర్ర ఇసుకరాయి గోడలకు ఎదురుగా నల్లటి మదనికలను ఈ రెండు కెమెరాలతోనూ తీశాను. రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూశాను. వెనక రాసుకున్న గుర్తు చూస్తే తప్ప ఏది దేనితో తీసిందో నేను చెప్పలేను. మండపం లోపలికి వెళ్తే కొంత తేడా వస్తుంది. పెద్ద బాడీలో సెన్సరే చేతి వణుకును సర్దుకుంటుంది కాబట్టి, ఊపిరి బిగబట్టి షట్టర్‌ను, అంటే వెలుగును లోపలికి వదిలే తెరను, సెకనులో ఎనిమిదో వంతు తెరిచి ఉంచినా స్తంభాల మీది చెక్కడం పదునుగా వస్తుంది. చిన్న బాడీల్లో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. అయితే రాయి కదలదు కదా, చిన్న కెమెరాను సంచి మీద ఆనించి తీసినా పని జరుగుతుంది.

డబ్బు ఎక్కడికి పోతుందో తెలియాలంటే చీకటి పడ్డాక బయటికి రావాలి.

సద్దుల బతుకమ్మ నాటి రాత్రి హన్మకొండ పద్మాక్షి గుట్ట కింద నిలబడ్డామనుకుందాం. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటారు. పైన ఎక్కడో ఒక విద్యుత్ దీపం ఉంటుంది. చేతుల కదలిక చెదరకుండా రావాలంటే షట్టర్ సెకనులో 200వ వంతుకు మించి తెరవకూడదు. ఆ కాసేపట్లో సెన్సర్ మీద ఎంత వెలుగు పడితే బొమ్మ అంత శుభ్రంగా ఉంటుంది. వెలుగు తక్కువైతే గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు తేలుతుంది, పట్టుచీర ముదురు రంగులు బురదగా మారతాయి.

వృత్తి కెమెరాల్లో ఎక్కువ భాగం ఫుల్ ఫ్రేమ్, అంటే సెన్సర్ 36 బై 24 మిల్లీమీటర్లు. చిన్న కెమెరాల్లో క్రాప్ సెన్సర్ ఉంటుంది, కెనాన్‌లో దాని కొలత 22.3 బై 14.9. వైశాల్యం చూస్తే పెద్దది చిన్నదానికి సుమారు రెండున్నర రెట్లు. ఒకే వాన కింద పెద్ద గంగాళమూ చిన్న గిన్నే పెడితే దేనిలో ఎక్కువ నీళ్లు పడతాయో చెప్పనక్కర్లేదు. ఇంతవరకూ అందరికీ తెలిసిన మాటే.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, చిన్న కెమెరా రాత్రికి పనికిరాదని తేల్చేస్తారు. లెన్సు లెక్క కూడా వేస్తే సంగతి మారిపోతుంది. లెన్సు మీది ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుగు వచ్చే రంధ్రం అంత పెద్దది. ఆర్50తో పాటే వచ్చే కిట్ లెన్సు జూమ్ చివర ఎఫ్ 6.3 దాకా ముడుచుకుంటుంది. దాన్ని తీసేసి ఎఫ్ 1.8 లెన్సు పెడితే లోపలికి వచ్చే వెలుగు 12 రెట్లు పెరుగుతుంది. సెన్సర్ పెద్దదైతే దక్కేది రెండున్నర రెట్లు, లెన్సు మారిస్తే దక్కేది 12 రెట్లు! వృత్తి ఫొటోగ్రాఫరు పెద్ద బాడీకి మామూలుగా తగిలించే జూమ్ లెన్సు ఎఫ్ 2.8. ఎఫ్ 1.8కూ ఎఫ్ 2.8కూ మధ్య తేడా మళ్లీ దాదాపు రెండున్నర రెట్లే. అంటే ఎఫ్ 1.8 లెన్సు పెట్టిన చిన్న కెమెరా, ఎఫ్ 2.8 లెన్సు పెట్టిన పెద్ద కెమెరా ఒకే దృశ్యం నుంచి పట్టే మొత్తం వెలుగు ఇంచుమించు సమానం. రెండు ఫొటోల్లో గ్రెయిన్ కూడా దాదాపు ఒకలాగే ఉంటుంది. కెనాన్ 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు బరువు 160 గ్రాములు, ఆ కంపెనీ లెన్సుల్లో అతి చవకైనవాటిలో ఒకటి.

ఈ సమానత్వానికి ఒక షరతు ఉంది. ఆ చవక లెన్సులో జూమ్ లేదు. క్రాప్ సెన్సర్ మీద 50 మిల్లీమీటర్లంటే ఫుల్ ఫ్రేమ్ మీద 80 మిల్లీమీటర్లతో సమానం, ముఖం దగ్గరగా తీయడానికి బాగుంటుంది. బతుకమ్మ ఆట మొత్తం రావాలంటే వెనక్కి నడవాలి, జనంలో వెనక్కి చోటు ఉండదు. ఎఫ్ 2.8 జూమ్ ఉన్నవారు నిలబడ్డచోటే వేలితో తిప్పి రెండూ తీసుకుంటారు. వాళ్లు అదనంగా పెట్టిన డబ్బులో సగం ఈ వెసులుబాటుకే పోయింది.

ఇక రెండో సంగతి. దీన్ని అర్థం చేసుకోకపోవడం వల్లే కొత్తవారికి ఎక్కువ నష్టం జరుగుతోందని నా నమ్మకం, అందుకే కాస్త ఎక్కువ సేపు చెబుతాను.

మొన్న వేసవిలో మా దగ్గర పనిచేసే కుర్రవాడు ఫంక్షన్ హాలులో ఒక పెళ్లికి చిన్న కెమెరాతో వెళ్లాడు. పురోహితుడు మంత్రం చదువుతున్నప్పుడు టకటక చప్పుడు రాకూడదని నిశ్శబ్ద షట్టర్, అంటే తెర కదలకుండా సెన్సరే ఫొటో తీసే పద్ధతి, పెట్టుకున్నాడు. పెద్దల పట్ల గౌరవంతో చేసిన పనే. మర్నాడు మానిటర్ మీద ఫొటో తెరిచి పెద్దది చేశాము. పెళ్లికూతురి నుదుటి మీద బాసికం దగ్గర ఒక మసక పట్టీ, ముక్కుపుడక దగ్గర వెలుతురు, గడ్డం కింద మళ్లీ మసక పట్టీ. తర్వాతి ఫొటోలో ఆ పట్టీలు ఇంకోచోట. మాంగళ్యధారణ ఫొటోలు నలభైకి పైగా అలాగే ఉన్నాయి. రంగులు దిద్దే సాఫ్ట్‌వేర్‌తో ఎంత కుస్తీ పట్టినా పూర్తిగా పోలేదు.

ఎందుకిలా జరుగుతుందో వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేసే మగ్గం చూసినవారికి చెప్పడం తేలిక. పడుగు మీద పేక ఒక్కో వరసగా పడుతుంది. నేతగాడు మధ్యలో పేక దారం రంగు మారిస్తే జంపఖానా మీద అడ్డచారలు వస్తాయి. నిశ్శబ్ద షట్టర్‌లో సెన్సర్ కూడా అలాగే పైనుంచి కిందికి వరసవరసగా బొమ్మను చదువుతుంది. చిన్న కెమెరాలకు ఆఖరి వరస దాకా రావడానికి మామూలుగా 20 నుంచి 35 మిల్లీసెకన్లు పడుతుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కాబట్టి నాసిరకం ఎల్ఈడీ దీపం సెకనుకు 100 సార్లు, అంటే ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి మసకబారి మళ్లీ వెలుగుతుంది. మన కంటికి అది కనిపించదు. సెన్సర్ ఒక బొమ్మ నేసేలోపు ఆ దీపం రెండు మూడు సార్లు రంగు మార్చిన దారంలా పనిచేస్తుంది. పెళ్లికూతురి ముఖం మీద పడినవి ఆ అడ్డచారలే.

నికాన్ జెడ్9 లాంటి వృత్తి కెమెరాలో సెన్సర్ వెనకే వేగంగా పనిచేసే సర్క్యూట్లను పొరగా అతికిస్తారు. అందుకని బొమ్మ మొత్తం 4 మిల్లీసెకన్ల చుట్టుపక్కల చదివేస్తుంది. నిజమైన షట్టర్ తెర జారడానికి పట్టే సమయమూ అంతే. అందుకే 2021లో జెడ్9 తెచ్చినప్పుడు నికాన్ యాంత్రిక షట్టర్‌ను పూర్తిగా తీసేసింది. మరోవైపు వీడియోల కోసం చేసిన సోనీ జెడ్‌వీ-ఈ10 రెండో తరం కెమెరాలోనూ యాంత్రిక షట్టర్ లేదు. ఒకదానిలో అవసరం తీరిపోయి తీసేశారు, ఇంకోదానిలో వీడియోకు అక్కర్లేదని మానేశారు. వివరాల పట్టికలో మాత్రం రెండింటికీ ఒకే మాట ఉంటుంది: యాంత్రిక షట్టర్ లేదు. పట్టికలు పక్కపక్కన పెట్టి కెమెరా ఎంచుకునేవారు మోసపోయేది ఇలాంటిచోటే. పెట్టె మీద రాయని ఆ మిల్లీసెకన్లే అడిగి తెలుసుకోవాలి.

సోనీ 2023లో ప్రకటించిన ఆల్ఫా 9 మూడో తరం ఇంకో అడుగు ముందుకు వేసింది. దానిలో వరసలు లేవు, మొత్తం బొమ్మ ఒక్కసారే, బట్ట మీద అచ్చు గుద్దినట్టు పడుతుంది. అడ్డచారలకు అవకాశమే లేదు. దానికి చెల్లించే మూల్యమూ ఉంది. వెలుగుకు సెన్సర్ ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె ఐఎస్ఓ, అది తక్కువగా ఉంటే బొమ్మ శుభ్రంగా వస్తుంది. దీని సహజ ఐఎస్ఓ 250 దగ్గర మొదలవుతుంది, 100 దగ్గర కాదు.

చిన్న కెమెరా చేతిలో ఉన్నవారు దీనికి భయపడనక్కర్లేదు. ఫంక్షన్ హాలులో నిశ్శబ్ద షట్టర్ ఆపేయండి. షట్టర్ వేగాన్ని సెకనులో 100వ వంతు దగ్గరో 50వ వంతు దగ్గరో ఉంచండి. అప్పుడు ప్రతి వరసకూ దీపం పూర్తిగా ఒక చుట్టు వెలిగి మసకబారే సమయం దక్కుతుంది, చారలు కలిసిపోయి మాయమవుతాయి. బరాత్‌లో డీజే దీపాలూ వేదిక వెనక ఎల్ఈడీ తెరలూ ఇంకా ఎంతో వేగంగా వెలిగి ఆరుతుంటాయి. వాటికి తగ్గట్టు షట్టర్‌ను దశాంశాల్లో సర్దుకునే వీలు ఎక్కువగా పెద్ద కెమెరాల్లోనే ఉంటుంది.

ఫోకస్ గురించి ఒక శుభవార్త. అద్దమున్న పాత కెమెరాల కాలంలో వృత్తి బాడీకీ చవక బాడీకీ ఇక్కడే ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉండేది. 2008లో పానాసోనిక్ జీ1తో మిర్రర్‌లెస్ మొదలయ్యాక ఫోకస్ పని సెన్సరే చేయడం నేర్చుకుంది. ఇప్పుడు ఆర్50 లాంటి కెమెరా కూడా మనిషి కన్ను వెతికి పట్టుకుంటుంది. పేరిణి నాట్యం చేసే కళాకారుడు గిరుక్కున తిరిగినప్పుడు పెద్ద కెమెరా పట్టు వదలకుండా ఉండే శాతం ఎక్కువ, అంతే. నేర్చుకునేవారికి ఆ తేడా అడ్డం కాదు.

అడ్డం వచ్చేది ఆ తర్వాతి మెట్టు. ఆర్50 సెకనుకు 12 ఫొటోలు తీయగలదు. రా ఫైలు, అంటే కెమెరా కుదించి దిద్దని ముడి ఫొటో, ఒక్కోటి 25 మెగాబైట్లనుకున్నా సెకనుకు 300 మెగాబైట్లు పుట్టుకొస్తాయి. దానిలో పట్టే యూహెచ్ఎస్-1 రకం కార్డు దారి వెడల్పు గరిష్ఠంగా సెకనుకు 104 మెగాబైట్లు. కాకతీయుల చెరువుల గడ్డ మీద పుట్టినవారికి ఇంతకు మించి చెప్పాలా? వాగు ఉరకలెత్తుతుంటే తూము సన్నగా ఉంది. మధ్యలో ఉన్న చెరువు, అంటే కెమెరా లోపలి తాత్కాలిక మెమరీ, కొద్ది సెకన్లలో నిండిపోతుంది. నిండాక కెమెరా నత్తనడక నడుస్తుంది. తలంబ్రాల్లో వరుడు రెండు చేతులా బియ్యం ఎత్తే క్షణం సరిగ్గా అప్పుడే వస్తుంది. జెడ్9 వాడే సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ కార్డు తూము సెకనుకు దాదాపు 2000 మెగాబైట్లు, చెరువూ పెద్దదే. చిన్న కెమెరాతో తలంబ్రాలు తీసేవారు మీట నొక్కిపట్టి ఉంచకుండా రెండు మూడు ఫొటోలకోసారి వేలు ఎత్తడం అలవాటు చేసుకోవాలి.

బాడీ గట్టిదనం గురించి ఎక్కువ చెప్పను. పెద్ద కెమెరా బ్యాటరీ మూత తెరిచి గోటితో అంచు తడిమితే సన్నటి రబ్బరు పట్టీ తగులుతుంది, చిన్నదానికి అది ఉండదు. మేడారం జాతరలో జంపన్న వాగు ఒడ్డున దుమ్మూ, తడీ, గాలిలో పసుపూ, చేతులకు అంటుకున్న బెల్లమూ అన్నీ కలిసి కెమెరా మీదికి వస్తాయి. అక్కడ రబ్బరు పట్టీ విలువ తెలుస్తుంది. చిన్న కెమెరాతో వెళ్లేవారు ప్లాస్టిక్ తొడుగు వేసి, లెన్సు మార్చకుండా పని ముగించుకోవాలి. మే నెల ఎండ విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. రెండు రకాల కెమెరాలకూ కంపెనీలు రాసే హద్దు మామూలుగా 40 డిగ్రీలే, వరంగల్ వేసవి దాన్ని దాటుతుంది. ఆరుబయట 4కె వీడియో ఎక్కువసేపు నడపాల్సివస్తే ఏ కెమెరానైనా నీడలో పెట్టుకోవాలి.

చిన్న కెమెరాకు ఒక గెలుపు ఉంది, దాన్ని పట్టికలో ఎవరూ రాయరు. బ్యాటరీ, కార్డుతో కలిపి ఆర్50 బరువు 375 గ్రాములు. జెడ్9 బరువు 1340 గ్రాములు, లెన్సు కాకుండా. తెల్లవారుజాము ముహూర్తం దాకా మెడలో వేసుకు తిరిగినవారికి ఆ తేడా భుజాల్లో తెలుస్తుంది. ఇంకో సంగతి, పెద్ద కెమెరా ఎత్తగానే ఇంట్లో ముసలమ్మలు కొంగు సర్దుకుని బిగుసుకుపోతారు. చిన్నదాన్ని వాళ్లు పట్టించుకోరు. మనవరాలికి పారాణి పెడుతూ నాయనమ్మ తనలో తాను నవ్వుకునే ఫొటో నాకు చిన్న కెమెరాలోనే దొరికింది.

ఇవన్నీ విన్నాక ఆ తండ్రి మళ్లీ అడిగారు. "అంటే జాగ్రత్తగా వాడితే చిన్నదానితోనూ పని నడుస్తుంది. మరి మీరెందుకు పెద్దది వాడుతున్నారు?"

నేను రెండు కెమెరాల కార్డు మూతలూ తెరిచి చూపించాను. పెద్దదానిలో రెండు గదులు, చిన్నదానిలో ఒకటి. పెద్దదానిలో ప్రతి ఫొటో ఒకేసారి రెండు కార్డుల్లో పడుతుంది. ఒకటి చెడిపోయినా రెండోది ఉంటుంది. కార్డులు అరుదుగానే చెడిపోతాయి. కానీ చెడిపోయిన రోజు ఆ ఇంటివారికి ఏమని చెబుతాం? జీలకర్ర బెల్లం ఇంకోసారి పెట్టించలేము, అప్పగింతల్లో ఆ తండ్రి కళ్లనీళ్లు మళ్లీ రప్పించలేము. డబ్బు తీసుకుని ఒకరి పెళ్లి మన చేతుల్లోకి తీసుకున్నప్పుడు, అయిదింతల ధరలో నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుని చెల్లించేది ఆ రెండో గదికే. ఆ సౌకర్యం కోసం జెడ్9 దాకా వెళ్లక్కర్లేదు. కెనాన్ ఆర్6 రెండో తరం, సోనీ ఆల్ఫా 7 నాలుగో తరం లాంటి మధ్యస్థాయి ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లోనూ రెండు కార్డులు పడతాయి. మా వైపు పెళ్లిళ్లలో నాకు ఎక్కువగా కనిపించేవి ఆ తరగతివే. సొంతంగా ఆర్డర్లు ఒప్పుకునే రోజు వచ్చాక ఆ మెట్టు ఎక్కితే చాలని చెప్పాను. అప్పటిదాకా సీనియర్ల వెంట రెండో కెమెరాగా తీసేవాడికి చిన్న బాడీ, దానికి ఒక ఎఫ్ 1.8 లెన్సు, మిగిలిన డబ్బుకు అదనపు బ్యాటరీలూ మంచి కార్డులూ. తర్వాత బాడీ మారినా అదే కంపెనీ ఫుల్ ఫ్రేమ్ మీద ఆ 50 మిల్లీమీటర్ల లెన్సు పనిచేస్తూనే ఉంటుంది.

వాళ్లు అలాగే కొన్నారు. మాఘమాసం పెళ్లిళ్లలో ఆ అబ్బాయి నా వెంట వచ్చాడు. ఒకే కార్డు గది కాబట్టి ఒక్కో ఘట్టానికి కార్డు మార్చమని చెప్పాను. ఒకటి చెడితే పెళ్లంతా పోకూడదు కదా. పని ముగిశాక అతను చొక్కా జేబులోంచి చిన్న చిన్న కాగితపు కవర్లు తీసి నా బల్ల మీద వరసగా పెట్టాడు. ఒక్కో దాని మీద బాల్‌పెన్నుతో పేరు రాసి ఉంది. ఎదురుకోళ్లు, జీలకర్ర బెల్లం, మాంగళ్యం, తలంబ్రాలు, అప్పగింతలు. మూడో కవరు అంచుకు కాస్త పసుపు అంటుకుని ఉంది.